హార్వర్డ్ ఫారెస్ట్: ముందు మ్యూజియం, తర్వాతే అడవి

బోస్టన్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లు ఆకుల రంగులు చూడ్డానికి ఏటా న్యూహాంప్‌షైర్ వైపు కార్లు తీస్తారు. ఈసారి ఒక పూట మసాచుసెట్స్‌లోనే ఉన్న పీటర్‌షామ్ ఊరికి ఇవ్వండి. బోస్టన్ నుంచి గంటన్నర దారి. 1907 నుంచి హార్వర్డ్ యూనివర్సిటీ పరిశోధన కోసం, చదువు కోసం చూసుకుంటున్న అడవి అక్కడ ఉంది, ఇప్పుడు సుమారు 4,000 ఎకరాలు. నేను చాలాకాలం ఇంటర్ పిల్లలకు బోటనీ చెప్పాను. సక్సెషన్ పాఠం, అంటే ఒకే నేల మీద కాలం గడిచేకొద్దీ ఒక రకం మొక్కలు పోయి మరో రకం రావడం, వచ్చినప్పుడల్లా బోర్డు మీద బొమ్మలు గీసి మధ్యలో బాణాలు పెట్టేదాన్ని. ఆ బాణాల వెనక ఎంత కథ ఉంటుందో ఇక్కడే అర్థమైంది.

కారు దిగగానే కాలిబాట పట్టకండి. ముందు ఫిషర్ మ్యూజియంలోకి వెళ్లండి. అద్దాల వెనక 23 డయోరమాలు, అంటే అడవి దృశ్యాల చిన్న నమూనాలు, ఉన్నాయి. చెట్లన్నీ రాగి తీగతో చేసినవి, ఒక్కొక్క కొమ్మా విడివిడిగా కనిపిస్తుంది. వాటిలో ఒక వరుస ఒకే నేలను వేర్వేరు కాలాల్లో చూపిస్తుంది. 1700లో దట్టమైన అడవి. 1740లో ఒక కుటుంబం చెట్లు కొట్టి ఇల్లు వేసుకుంటోంది. 1830కి వచ్చేసరికి అడవి దాదాపు లేదు, ఎటు చూసినా పొలాలు, పచ్చిక, రాతి గోడలు. 1850 నాటికి రైతులు వదిలేసి పోతున్నారు. పడమట మంచి భూములు దొరికాయి, మిల్లు పట్టణాల్లో పని దొరికింది. బీడుపడ్డ పొలాల్లోకి తెల్ల పైన్ విత్తనాలు గాలికి కొట్టుకొచ్చి మొలిచాయి. 1910లో ఆ పైన్లను పెట్టెల చెక్క కోసం నరికేశారు. నరికిన పైన్ మొదలు మళ్లీ చిగురించదు, ఓక్, మేపుల్ మాత్రం చిగురిస్తాయి. అందుకే పైన్ పోయిన చోట ఆకు రాల్చే చెట్లు లేచాయి. మనం రంగులు చూసి మురిసిపోయే అడవిలో చాలా భాగం అలా వచ్చిందే. నాకు ఈ వరుస దగ్గర నుంచి కదల బుద్ధి కాలేదు.

ఇది చూశాక బయట నడిస్తే ఆ నడకే వేరు. చిక్కటి చెట్ల మధ్య మోకాలెత్తు రాతి గోడ అడ్డం వచ్చింది. నేను నోరు తెరిచేలోపే మా మనవరాలు, "అమ్మమ్మా, ఇక్కడ ఆవుల్ని కట్టేసేవాళ్లేమో" అంది. పిల్ల ఆ మాట తనంతట తను అన్నందుకైనా ఈ చోటికి పూర్తి మార్కులు వేస్తాను.

1938 తుపాను ఈ ప్రాంతంలో అడవులను నేలమట్టం చేసింది. అలాంటి దెబ్బ తగిలితే అడవి ఏం చేస్తుందో చూడాలని 1990లో ఇక్కడి శాస్త్రవేత్తలు వించ్‌తో, అంటే తాడు చుట్టి లాగే యంత్రంతో, చెట్లను లాగి పడగొట్టి, వాటిని అలాగే వదిలేశారు. పడ్డ చెట్లలో చాలావాటికి కొన్నేళ్లపాటు ఆకులు వస్తూనే ఉన్నాయి. ఇంకో చోట 1991 నుంచి నేలలో కేబుళ్లు పాతి, మట్టిని పక్క నేల కంటే 5 డిగ్రీల సెల్సియస్ ఎక్కువ వేడిగా ఉంచుతున్నారు. వేడెక్కిన మట్టి తనలోని కార్బన్‌ను ఎంత వదులుతుందో ఒకటి రెండేళ్లలో తేలేది కాదు. 26 ఏళ్ల కొలతలు పెట్టుకుని చూస్తే, ఆ నష్టం ఒకే తీరున సాగలేదు. కొంతకాలం పెరిగి, కొంతకాలం తగ్గి, మళ్లీ పెరిగింది. మూడేళ్ల ప్రాజెక్టుతో ఆపేసి ఉంటే తప్పు జవాబే మిగిలేది. యూనివర్సిటీ చేతిలో సొంత అడవి ఎందుకుండాలని ఎవరైనా అడిగితే నేను ఈ మట్టి సంగతే చెబుతాను.

హెమ్‌లాక్ అనే సూదాకుల చెట్ల దగ్గర మాత్రం మనసు కలుక్కుమంది. జపాన్ నుంచి వచ్చిన అడెల్జిడ్ అనే చిన్న పురుగు వాటి రసం పీల్చేస్తోంది. కొమ్మ తిప్పి చూస్తే సూదాకుల మొదట్లో తెల్లటి దూదిలా కనిపిస్తుంది. వేసవిలో కూడా వాగుల్ని చల్లగా ఉంచే చెట్లివి. ఇవి పోయిన చోట ఎక్కువగా నల్ల బర్చ్ అనే ఆకు రాల్చే చెట్టు వస్తోంది. మీ పిల్లలకు ఈ చెట్లను ఇప్పుడే చూపించండి.

ఇక జాగ్రత్తలు. ఇది పార్కు కాదు. చెట్లకున్న ట్యాగులు, నేలలో గుచ్చిన జెండాలు, వైర్లు ఎవరివో ఏళ్ల తరబడి కొలతలు, పిల్లల్ని వాటిని ముట్టుకోనివ్వకండి. కాలిబాట దిగొద్దు. పిడుదులుంటాయి, పిల్ల పిడుదు గసగసమంతే ఉంటుంది, లైమ్ జబ్బు వాటివల్లే వస్తుంది. నిండు ప్యాంటు వేసి, పాదాల దగ్గర సాక్సులోకి దోపుకోండి, ఇంటికొచ్చాక ఒళ్లంతా చూసుకోండి. తిండి, నీళ్లు వెంట తీసుకెళ్లండి. మ్యూజియం వేళలు సీజన్‌ను బట్టి మారుతుంటాయి, బయల్దేరే ముందు చూసుకోండి. అది మూసి ఉన్న రోజైతే ప్రయాణం మరో వారానికి వాయిదా వేసుకోమంటాను.