అమెరికాలో జడ్జి: నియమిస్తే మేలా, ఓటేసి ఎన్నుకుంటే మేలా?

టెక్సస్‌లో పౌరసత్వం వచ్చి మొదటిసారి ఓటేయడానికి వెళ్ళినవాళ్ళు ఎవరైనా జడ్జీల పేర్ల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతారు. గవర్నరూ సెనేటరూ ఎవరో తెలుసు. జడ్జీలు ఎవరికి తెలుసు? హ్యూస్టన్ ఉన్న హారిస్ కౌంటీలో డజన్లకొద్దీ పేర్లుంటాయి. పక్కన ఉన్న పార్టీ పేరు చూసి ఓటేసి బయటపడతాం. 2018లో అక్కడ పోటీ జరిగిన జడ్జి పదవులన్నీ డెమొక్రాట్లే గెలిచారు. ఓడినవాళ్ళందరూ చెడ్డ జడ్జీలని కాదు, ఆ ఏడాది గాలి అటు వీచింది.

అదే దేశంలో ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ కోర్టుల) జడ్జికి ఓట్లతో పనే లేదు. అధ్యక్షుడు పేరు పంపుతాడు, సెనేట్ ఆమోదిస్తుంది, ఇక జీవితాంతం ఆ కుర్చీ ఆయనదే. జీతం తగ్గించడానికి కూడా వీల్లేదు. తొలగించాలంటే అభిశంసన ఒక్కటే దారి. ఇన్నేళ్ళలో సెనేట్ అలా తొలగించింది 8 మందినే.

ఈ రక్షణ ఎందుకో అలబామా ఫెడరల్ జడ్జి ఫ్రాంక్ జాన్సన్‌ను చూస్తే తెలుస్తుంది. 1956లో మాంట్‌గమరీ బస్సుల్లో నల్లవాళ్ళను వేరుగా కూర్చోబెట్టడం చెల్లదని చెప్పిన ఇద్దరు జడ్జీల్లో ఆయన ఒకరు. 1965లో సెల్మా నుంచి నల్లవాళ్ళ ఓటుహక్కు కోసం జరిగిన పాదయాత్రకు అనుమతి ఇచ్చిందీ ఆయనే. ఆయన ఇంటి ముందు శిలువ తగలబెట్టారు, తల్లి ఇంటి మీద బాంబు వేశారు. కుర్చీ మాత్రం కదల్లేదు. నాలుగేళ్ళకోసారి ఆ ఊళ్ళలోనే ఓట్లు అడగాల్సి వచ్చి ఉంటే ఎన్నాళ్ళు నిలిచేవారు?

ఎన్నికల పద్ధతి కూడా మంచి ఉద్దేశంతోనే పుట్టింది. పెద్దలు తమవాళ్ళకే పదవులు పంచుకుంటున్నారని జనం విసిగిపోయారు. 1832లో మిసిసిపీ తన జడ్జీలందరినీ ఎన్నుకోవడం మొదలుపెట్టింది. కానీ ఎన్నికంటే ఖర్చు. ఖర్చంటే ఎవరో ఒకరు డబ్బు పెట్టాలి.

వెస్ట్ వర్జీనియాలో జరిగింది చూడండి. మాసీ అనే బొగ్గు కంపెనీ మీద 5 కోట్ల డాలర్ల తీర్పు వచ్చింది. అప్పీలు వెళ్ళాల్సింది రాష్ట్ర సుప్రీంకోర్టుకు. ఈలోగా 2004లో ఆ కోర్టుకే ఎన్నిక వచ్చింది. కంపెనీ అధిపతి డాన్ బ్లాంకెన్‌షిప్, బ్రెంట్ బెంజమిన్ అనే అభ్యర్థిని గెలిపించడానికి సుమారు 30 లక్షల డాలర్లు పెట్టాడు. బెంజమిన్ గెలిచాడు. కేసు వచ్చినప్పుడు పక్కకు తప్పుకోమంటే తప్పుకోలేదు. 3-2 తేడాతో తీర్పు కంపెనీ వైపు తిరిగింది, ఆ ముగ్గురిలో ఆయనొకడు. చివరికి 2009లో అమెరికా సుప్రీంకోర్టు, ఆయన ఆ కేసు వినకుండా ఉండాల్సిందని చెప్పింది. అదీ 5-4 తేడాతోనే! తర్వాతైనా ఖర్చు తగ్గలేదు. 2025లో విస్కాన్సిన్‌లో ఒక్క జడ్జి పదవికి సుమారు 10 కోట్ల డాలర్లు పోశారు.

మధ్యేమార్గంగా మిజోరీ 1940లో మరో పద్ధతి తెచ్చింది. కమిటీ మూడు పేర్లిస్తే గవర్నర్ ఒకరిని ఎంచుతాడు. తర్వాత ఆ జడ్జిని ఉంచాలా వద్దా అని జనాన్ని అడుగుతారు. చెప్పుకోడానికి బాగుంది. ఇలాంటి పద్ధతే ఉన్న అయోవాలో 2009లో సుప్రీంకోర్టు జడ్జీలు ఏడుగురూ ఒక్క మాటగా స్వలింగ వివాహాలను ఒప్పుకున్నారు. మరుసటి ఏడాది ఓటర్ల ముందుకు వచ్చిన ముగ్గురూ ఇంటికి వెళ్ళారు. ఒక్క తీర్పు కోసం.

కాబట్టి నా దృష్టిలో అసలు తేడా కుర్చీ ఎలా దక్కిందన్నది కాదు, దాన్ని నిలుపుకోడానికి మళ్ళీ ఎవరి దగ్గర చెయ్యి చాచాలన్నది. విజయవాడలో పుట్టిన జయ బాడిగను 2024లో శాక్రమెంటో కౌంటీ జడ్జిగా గవర్నర్ నియమించినప్పుడు మనవాళ్ళంతా సంతోషించాం. కాలిఫోర్నియాలో అలా వచ్చిన జడ్జి మీద కూడా తర్వాత ఎవరైనా పోటీకి దిగితే, ఓట్లు అడగక తప్పదు.

అలాగని జీవితకాలమూ నాకు నచ్చదు. దానివల్లే ఒక్క ఖాళీ వస్తే దేశమంతా యుద్ధం. 2016లో అమెరికా సుప్రీంకోర్టుకు ఒబామా పంపిన మెరిక్ గార్లండ్ పేరును సెనేట్ ఎన్నికల ఏడాదని చెప్పి కనీసం విచారించలేదు. అదే సెనేట్ 2020లో ఎన్నికకు 8 రోజుల ముందు ఎయిమీ కోనీ బారెట్‌ను ఆమోదించింది.

నేను ఎంచుకునేది మసాచుసెట్స్ పద్ధతి. గవర్నర్ పేరు ఇస్తాడు, జనం ఎన్నుకున్న కౌన్సిల్ ఆమోదిస్తుంది, 70 ఏళ్ళకు రిటైర్మెంట్. మన భారత సుప్రీంకోర్టులో 65 ఉన్నట్టే. మధ్యలో ఓట్లు అడగక్కర్లేదు, ఎవరి చందాలూ అక్కర్లేదు.