స్టోరీవీవర్ తెలుగు కథలు: వినిపించడానికి బాగున్నాయి, ఫోన్ చేతికివ్వకపోతే

బెంగళూరులో తెలుగిళ్ల పిల్లల చెవిన పడే తెలుగు తక్కువ. తిను, రా, పడుకో, చెప్పులేసుకో... రోజంతా ఇవే మాటలు తిరుగుతుంటాయి. గొంగళిపురుగు, పుప్పొడి, తొంగిచూడటం లాంటివి పుస్తకం తెరిస్తేనే ఇంట్లోకి వస్తాయి. పైకి చదివి వినిపించడంలో మొదటి లాభం ఇదే.

పిల్లల పుస్తకాలు వేసే ప్రథమ్ బుక్స్ ఈ ఊరి సంస్థే. 2015లో వాళ్లు తెచ్చిన స్టోరీవీవర్ వెబ్‌సైటులో కథలు ఉచితం. ఓపెన్ లైసెన్సు కాబట్టి ప్రింటు తీసుకోవడానికి ఎవర్నీ అడగక్కర్లేదు. భాష తెలుగు, స్థాయి 1 పెట్టి వెతకండి. ఈ స్థాయిలు పిల్లలు సొంతంగా చదువుకోవడానికి వేసిన లెక్క. మీరు చదివి వినిపిస్తుంటే ఐదేళ్ల వాళ్లకు స్థాయి 2 కూడా నడుస్తుంది. మూడేళ్ల వాళ్లకు స్థాయి 3 మొదలెడితే మాత్రం రెండో పేజీకే ఒళ్లోంచి జారిపోతారు.

పీడీఎఫ్ దించుకుని రంగుల్లో ప్రింటు వేయించండి. చివరి పేజీల్లో ఉండేవి హక్కులు, లైసెన్సు వివరాలే. అవి వదిలేయమని జెరాక్స్ షాపులో చెప్తే రెండు మూడు కాగితాల డబ్బు మిగులుతుంది. ఏ4 కాగితానికి రెండు పేజీలు చొప్పున వేస్తే బొమ్మలు మరీ చిన్నవైపోవు.

ఆడియోతో పాటు అక్షరాలు వెలిగే కథలూ ఉన్నాయి. ముచ్చటగానే ఉంటాయి, కానీ ఆ గొంతు పిల్లల కోసం ఆగదు. అసలు పని జరిగేది ఆగిన చోటే. "ఇదేంటి?" అని బొమ్మ చూపించండి. "కుక్క" అంటే "అవును, తడిసిపోయిన కుక్క" అని ఒక మాట కలపండి. ఆ మాట పిల్లల చేత మళ్లీ అనిపించండి. పేజీకి ఒక్క ప్రశ్న చాలు, అంతకు మించితే పరీక్షలా తయారవుతుంది. అదే కథ ఇరవైసార్లు అడిగినా విసుక్కోవద్దు. పదాలు నిలిచేది అలాగే. రెండేళ్లలోపు పిల్లలకు తెర వద్దని, నాలుగేళ్ల దాకా రోజుకు గంట దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ప్రింటు వేయించమనడానికి ఇదీ ఒక కారణం.

లోపమంటే అనువాదాలదే. ఎవరైనా అనువదించొచ్చు కాబట్టి ఒక కథ తేనెలా సాగితే ఇంకోటి సర్కారు నోటీసులా ఉంటుంది. ముందు మీరొకసారి చదువుకోండి. "కలదు" కనిపిస్తే "ఉంది" అనేయండి. మీ ఇంట్లో అవ్వ అని పిలిస్తే, కథలో "అమ్మమ్మ" అని ఉన్నచోట "అవ్వ" అనే చదవండి. అయితే పిల్లలు అక్షరాలు గుర్తుపట్టడం మొదలయ్యాక ఈ స్వేచ్ఛ మానేయాలి. వేలు ఒక మాట మీద, నోట మరో మాట అయితే తికమకపడతారు.

చాలా కథలు కన్నడలోనూ దొరుకుతాయి. రెండూ ప్రింటు తీస్తే, కన్నడ ప్రతి పక్కింటి ఆంటీ చేత చదివించొచ్చు.