సోనీ ఏ6400, కెనాన్ ఆర్50, ఫుజీ ఎక్స్-టీ30 టూ: రోజూ సంచిలో పెట్టుకోవడానికి ఏది మేలు?

నేను రోజూ పొద్దున్నే విజయనగరంలో రైలెక్కి ఆమదాలవలసలో దిగుతాను, సాయంత్రం మళ్లీ అదే దారిలో వెనక్కి. సంచిలో క్యారేజీ, నీళ్ల సీసా, గొడుగు, ఆఫీసు కాగితాలు ఉంటాయి. వీటన్నిటి మధ్య ఒక కెమెరా కూడా పట్టాలి. "ఇవాళ బరువెక్కువైంది, రేపు తీసుకెళ్దాం" అని ఇంట్లో వదిలేసే రకం కాకూడదు. ఎందుకంటే దూసి స్టేషన్ దాటాక నాగావళి వంతెన మీద పొగమంచు ఏ రోజు దిగుతుందో ముందుగా ఎవరూ చెప్పరు, పొందూరు స్టేషన్లో కిటికీ పక్కన ఎవరి ముఖం మీద మంచి ఎండ పడుతుందో అంతకన్నా తెలీదు.

నా దగ్గర సోనీ ఏ6400 ఉంది, రెండేళ్ల కిందట వాడినది కొన్నాను. మా బావ కెనాన్ ఆర్50 కొన్నాడు. శ్రీకాకుళంలో ఉన్న స్నేహితుడి దగ్గర ఫుజీ ఎక్స్-టీ30 టూ ఉంది. మొన్న చలికాలంలో ముగ్గురం మార్చుకుని, తలో రెండు వారాలు ఒక్కొక్కటి వాడి చూశాం. చుట్టాల్లో, ఆఫీసులో "ఏది కొనమంటావ్?" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు కాబట్టి నాకు తేలిన సంగతి వివరంగా రాస్తున్నాను.

ముందు బరువు. బ్యాటరీ, కార్డుతో కలిపి ఏ6400 403 గ్రాములు, ఆర్50 375, ఎక్స్-టీ30 టూ 378. అంటే లెన్సు లేకుండా ఒట్టి బాడీల మధ్య తేడా ఒక అరటిపండంత కూడా లేదు. దీని గురించి షాపులో గంటసేపు వాదించుకోవడం అనవసరం. తేడా అంతా ముందు బిగించే లెన్సుతో వస్తుంది. ఫుజీకి ఎక్స్‌ఎఫ్ 27 ఎంఎం ఎఫ్ 2.8 అని పల్చటి లెన్సు ఉంది, కేవలం 84 గ్రాములు (ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత ఎక్కువ వెలుతురు లోపలికి వదులుతుంది). కెనాన్‌కి ఆర్ఎఫ్ 28 ఎంఎం ఎఫ్ 2.8 ఉంది, 120 గ్రాములు. నా సోనీ మీద ఉండేది సిగ్మా అనే వేరే కంపెనీ 30 ఎంఎం ఎఫ్ 1.4, అది 265 గ్రాములు. ఈ కెమెరాల్లో ఉండేది ఏపీఎస్-సీ సెన్సర్, పాత ఫిల్మంత ఉండే ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్నది, ఆ లెక్కలు వేసుకుంటే మూడింటి చూపూ దాదాపు ఒకటే, ఫుల్ ఫ్రేమ్‌లో 40 నుంచి 45 ఎంఎం మధ్య వస్తుంది, మనిషి కంటికి దగ్గరగా ఉండే చూపు. కానీ మొత్తం బరువు చూడండి: ఫుజీ జోడీ 462 గ్రాములు, కెనాన్ జోడీ 495, నాది 668. రెండు వందల గ్రాముల తేడా సంచిలో తెలుస్తుంది, మెడలో ఇంకా బాగా తెలుస్తుంది. ఫుజీ ఉన్న రెండు వారాలూ కెమెరా సంచిలో ఉందన్న సంగతే మర్చిపోయాను.

మరి అంత బరువు ఎందుకు మోస్తున్నానంటే, కారణం మా ఇల్లు. నేను ఇంటికి చేరేసరికి రాత్రి ఏడున్నర. ఇంట్లో ట్యూబ్‌లైటు, వంటింట్లో ఒక బల్బు, దేవుడి గదిలో దీపం. నేను నిజంగా తీయాలనుకునే ఫోటోలు అక్కడే ఉన్నాయి: అమ్మ చింతపండు గింజలు తీస్తూ కూర్చోవడం, అక్క పిల్లలు శనివారం వచ్చి మంచాల మీద ఎగరడం. కెమెరాతో పాటు ఇచ్చే కిట్ లెన్సుని 50 ఎంఎం దాకా జూమ్ చేస్తే ఎఫ్ 5.6 దగ్గరికి వచ్చి ఆగుతుంది. ఎఫ్ 1.4 దానికంటే పదహారు రెట్లు ఎక్కువ వెలుతురు లోపలికి వదులుతుంది. ఈ పదహారు రెట్లు ఫోటోలో ఎలా కనబడతాయంటే, ఐఎస్‌ఓ, అంటే కెమెరా వెలుతురుని పెంచి చూపే అంకె, కిట్ లెన్సుతో 6400 పెడితే గానీ రాని ఫోటో ఈ లెన్సుతో ఐఎస్‌ఓ 400 దగ్గరే వస్తుంది, అమ్మ చెంప మీద గరుకు చుక్కలు లేకుండా, చీర అంచు నేత కూడా కనబడేలా. కెనాన్ కిట్ లెన్సు 18-45 ఇంకా చీకటిది, 45 దగ్గర ఎఫ్ 6.3. ఈ మూడు బాడీల్లో దేనికీ లోపల స్టెబిలైజేషన్ లేదు. కిట్ లెన్సుల్లో ఉంది కదా అంటారు, ఉంది, కానీ అది మన చెయ్యి వణుకుని ఆపుతుంది తప్ప ఎగిరే పిల్లని ఆపదు. పిల్లని ఆపాలంటే షట్టర్ స్పీడు కావాలి, స్పీడుకి వెలుతురు కావాలి. ఎఫ్ 2.8 లెన్సు కూడా నాదానిలో నాలుగో వంతు వెలుతురే ఇస్తుంది, అందుకే ఆ చిన్న లెన్సులు పగలు ప్రాణం, రాత్రి కష్టం.

అందుకని నన్ను అడిగేవాళ్లకి ముందు ఒక ప్రశ్న వేస్తాను: మీ ఫోటోలు పగలు బయట తీసేవా, లేక రాత్రి ఇంట్లో తీసేవా? దానికి జవాబు తేలాక లెన్సు తేలుతుంది, లెన్సు తేలాక బాడీ గురించి మాట్లాడుకోవచ్చు. ఈ సిగ్మా 30 ఇప్పుడు సోనీకే కాదు, ఫుజీకీ వస్తుంది, ఆర్50కి ఉన్న కెనాన్ ఆర్ఎఫ్ బిగింపుకీ వస్తుంది. కొన్నేళ్ల కిందట కెనాన్ వద్దని చెప్పడానికి లెన్సులు లేకపోవడమే పెద్ద కారణం, 2024 నుంచి సిగ్మా వాళ్లు ఆర్ఎఫ్‌కి కూడా ఇవ్వడం మొదలుపెట్టాక ఆ మాట చెల్లదు.

ఇక బాడీలు. ఫోకస్‌లో సోనీ, కెనాన్ రెండూ నమ్మకమైనవి. ఏ6400 2019 నాటిదే అయినా, నడిచే మనిషి కన్ను పట్టుకుంటే వదలదు. పొద్దున్నే కూరగాయల బజారులో తట్టలు మోసుకుంటూ ఎదురొచ్చేవాళ్లని నడుస్తూనే తీశాను, పదిలో ఎనిమిది కన్ను దగ్గర పదునుగా వచ్చాయి. ఆర్50 2023లో వచ్చింది, అది మనుషులతో పాటు కుక్కల్నీ పిల్లుల్నీ పక్షుల్నీ బళ్లనీ కూడా గుర్తుపడుతుంది. ఇది కాగితం మీద చిన్న మాటలా ఉంటుంది గానీ, బావతో టెక్కలి దగ్గర తేలినీలాపురం వెళ్లినప్పుడు దాని విలువ తెలిసింది. అక్కడ చెట్ల మీద గూడబాతులు, అదే పెలికాన్లు, గూళ్లు కట్టుకుని ఉంటాయి. కొమ్మలూ ఆకులూ అడ్డం ఉన్నా 55-210 లెన్సుతో ఆర్50 పక్షి కంటి మీద చతురస్రం గీసి కూర్చుంది. నా సోనీ జంతువుల కళ్లు పట్టగలదు గానీ పక్షుల కోసం చేసింది కాదు, రెండు మూడు సార్లు ముందున్న కొమ్మని పట్టుకుంది. ఫుజీ అయితే మనుషుల ముఖాలే గుర్తుపడుతుంది, పక్షుల దగ్గర చుక్కని మనమే జరుపుకోవాలి. పైగా ఆ 27 ఎంఎం లెన్సు మోటారు పాతకాలపుది, గుర్రుమని శబ్దం చేస్తూ కొంచెం నెమ్మదిగా తిరుగుతుంది, పరిగెత్తే పిల్లలకి అది చాలదు.

కానీ ఫుజీ చేతిలో ఉంటే ఫోటో తీయాలనిపిస్తుంది. ఇది లెక్కల్లో తేలే సంగతి కాదు, అయినా రాయకుండా ఉండలేను. ఒక శనివారం పొందూరులో దిగి, తెలిసినవాళ్ల ద్వారా ఒక నేత ఇంటికి వెళ్లాం. చిన్న గది, ఒక పక్క కిటికీ, మగ్గం మీద తెల్లటి ఖద్దరు. ఇలాంటి చోట ఏ కెమెరా అయినా మోసపోతుంది, ఎదురుగా తెలుపు ఎక్కువుంటే వెలుతురు ఎక్కువైందనుకుని ఫోటోని తగ్గించేస్తుంది, తెల్లటి బట్ట బూడిదరంగులో వస్తుంది. వెలుతురు ఒక మెట్టు, అంటే రెట్టింపు, పెంచాలి. ఫుజీలో దానికోసమే పైన బొటనవేలు కింద ఒక డయల్ ఉంది, కన్ను తీయకుండా తిప్పేస్తాం, ఎంత తిప్పామో అంకె కనబడుతుంది. సోనీలో వెనక చక్రం కింది వైపు నొక్కి తిప్పాలి, అలవాటైతే పర్వాలేదు. ఆర్50లో సెట్టింగులు మార్చే డయల్ ఒక్కటే ఉండడంతో ఇలాంటి వాటికి ముందు ఒక బటన్ నొక్కి, తర్వాత అదే తిప్పుకోవాలి. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఆటోలో పెట్టి తీస్తే ఇబ్బంది ఉండదు గానీ, నేర్చుకున్నాక అది చేతికి అడ్డం తగులుతుంది.

రంగులు కూడా అంతే. ఫుజీలో ఫిల్మ్ సిమ్యులేషన్లు, అంటే పాత ఫిల్ముల రంగుల్ని తలపించే సెట్టింగులు, 18 ఉన్నాయి. నాకు క్లాసిక్ క్రోమ్, క్లాసిక్ నెగెటివ్, నలుపు తెలుపుకి ఆక్రోస్, ఈ మూడే చాలు. కంప్యూటర్ ముందు కూర్చునే ఓపిక లేనివాళ్లకి, జేపెగ్ నేరుగా ఫోన్‌లోకి పంపుకునేవాళ్లకి దీన్ని మించింది లేదు. కెనాన్ మన ఒంటి చాయని వెచ్చగా, ఆరోగ్యంగా చూపిస్తుంది, ట్యూబ్‌లైటు కింద కూడా. సోనీ జేపెగ్‌లో చామనచాయ ముఖాలు ఒక్కోసారి కొంచెం పచ్చగా కొడతాయి, నేను రా ఫైల్, అంటే కెమెరా రంగులు ఖాయం చేయని ముడి ఫైల్, తీసి కంప్యూటర్లో సరిచేసుకుంటాను, ఆ పని ఇష్టంలేకపోతే సోనీ వద్దు. మూడింట్లోనూ జాగ్రత్త పడాల్సింది ఎరుపు రంగు దగ్గర. పండగ పూట ఎండలో ఎర్ర పట్టుచీర, పసుపు, కుంకుమ తీస్తే ఎరుపు నిండిపోయి బట్ట మడతలు మాయమవుతాయి, అలాంటప్పుడు వెలుతురు అర మెట్టు తగ్గించి తీయండి.

కిట్ లెన్సుని మరీ తీసిపారేయకండి. విజయనగరం వాళ్లకి పైడితల్లమ్మ జాతరలో సిరిమాను సంగతి చెప్పక్కర్లేదు. మూడు లాంతర్ల దగ్గర చదురుగుడి నుంచి కోట దాకా మూడుసార్లు సిరిమాను తిరుగుతుంటే, ఆ జనంలో ఒక్క అడుగు వెనక్కి వేయడానికి చోటుండదు. అంత పొడుగు మానుని, చివర కూర్చున్న పూజారిని, కింద జనాన్ని ఒకే ఫోటోలో పట్టాలంటే 30 ఎంఎం పనికిరాదు. ఇక్కడ కిట్ లెన్సుల తేడా బయటపడుతుంది. ఫుజీ 15-45, సోనీ 16-50, కెనాన్ 18-45. వెడల్పు వైపు అంకెలు ఫుల్ ఫ్రేమ్ లెక్కలో 22.5, 24, 29 అవుతాయి, అంకె ఎంత తగ్గితే ఫోటోలో అంత వెడల్పుగా పడుతుంది. కెనాన్ సెన్సర్ కాస్త చిన్నది కాబట్టి 1.6తో గుణించాలి. కెనాన్‌తో మాను కొస తెగిపోయింది, సోనీతో పట్టింది. ఇరుకు ఇళ్లలో, పెళ్లి మండపాల్లో, ఇలాంటి జాతరల్లో తీసేవాళ్లు ఈ అంకెని తేలిగ్గా తీసుకోవద్దు. వెనక ఆకాశం ఉంటే పూజారి ముఖం నల్లబడుతుంది, అక్కడ కూడా ఒక మెట్టు పెంచుకోవాలి.

స్క్రీన్ గురించి ఒక్క మాట. ఆర్50ది పక్కకి తెరుచుకుని అన్ని వైపులా తిరుగుతుంది, ఏ6400ది పైకి లేచి మన వైపు తిరుగుతుంది, ఫుజీది కిందకీ పైకీ వంగుతుంది అంతే. మీ వీడియో మీరే తీసుకునేవాళ్లయితే ఆర్50 హాయి. ఛార్జింగ్ విషయంలో ఏ6400 వెనకబడింది, దానిది పాత మైక్రో యూఎస్‌బీ, దాని కోసం సంచిలో ఇంకో కేబుల్ మోయాలి. మిగతా రెండూ టైప్ సీ. రెండో బ్యాటరీ మాత్రం మూడింటికీ కొనాల్సిందే. ఇంకోటి, రైలు కిటికీలోంచి తీసేటప్పుడు సైలెంట్ షట్టర్ పెట్టకండి, కరెంటు స్తంభాలు పక్కకి ఒరిగిపోయి వస్తాయి. ఎల్ఈడీ లైట్ల కింద కూడా పెట్టకండి, చారలు పడతాయి.

మన వైపు గాలి గురించి చెప్పకుండా ఏ కెమెరా సలహా పూర్తి కాదు. సముద్రం దగ్గర, తేమ ఎక్కువ. మొదటి వానాకాలంలో నేను ఒక లెన్సుని తోలు సంచిలో పెట్టి బీరువాలో దాచాను, భద్రంగా ఉంటుందనుకున్నాను. రెండు నెలల తర్వాత తీస్తే అద్దం లోపల సాలెగూడులా ఫంగస్. తోలు తేమని పట్టి ఉంచుతుందని అప్పుడు తెలీదు, ఆ లెన్సు తలచుకుంటే ఇప్పటికీ బాధే. అప్పట్నుంచి గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్ పొట్లాలు, అవి రంగు మారగానే వేడి చేసి మళ్లీ వాడతాను. ఆర్50కి గానీ, ఎక్స్-టీ30 టూకి గానీ వానకి తట్టుకునే సీలింగ్ లేదు. కళింగపట్నం బీచ్‌కి వెళ్లొస్తే ఆ రాత్రే కొంచెం తడిపిన మెత్తటి గుడ్డతో ఉప్పు తుడిచి, ఆరబెట్టి, డబ్బాలో పెట్టాలి.

సర్వీసుకి ఎలాగూ విశాఖ వెళ్లాలి. కానీ పెళ్లిళ్లు తీసే మన స్టూడియోల వాళ్ల దగ్గర సోనీ, కెనాన్ లెన్సులు ఉంటాయి, పరిచయం ఉంటే ఒక పూట ఇస్తారు. ఫుజీ ఇటువైపు అంతగా కనబడదు, లెన్సు కావాలంటే తెప్పించుకోవాల్సిందే. తక్కువకి వస్తోందని పాత కెనాన్ ఎం50 కొనబోతున్నవాళ్లు కూడా ఉన్నారు. కెమెరా మంచిదే, కానీ దానికి పట్టే ఈఎఫ్-ఎం లెన్సుల వరసనే కెనాన్ ఆపేసింది, రేపు కొత్త లెన్సు రాదు, నేనైతే కొనను.

కాబట్టి నా మాట ఇది. కొత్తది, మొదటిది, ఇంట్లో పిల్లలున్నారు, ఎప్పుడైనా పక్షుల దగ్గరికి కూడా వెళ్తారు అంటే ఆర్50 కొనండి, కిట్ లెన్సుతో ఆగకుండా కొన్ని నెలలు డబ్బు దాచి సిగ్మా 30 తీసుకోండి. నేను ఇవాళ మొదట్నుంచి మొదలుపెడితే అదే కొంటాను. వాడినది తక్కువలో కావాలి, రా ఫైళ్లు సరిచేసుకునే ఓపిక ఉంది అంటే ఏ6400, అదే సిగ్మాతో. కొనేముందు ఫోన్ టార్చి లెన్సు వెనక నుంచి వేసి లోపల దారాల్లాంటివి ఉన్నాయేమో చూడండి, ఉంటే ఎంత తగ్గించినా వద్దు. పగటి పూట వీధులు, బజార్లు, ప్రయాణాలు, కంప్యూటర్ ముట్టుకోను అంటే ఫుజీ, ఆ 27 ఎంఎంతో.

బావ పోయిన నెల సిగ్మా 30 తెప్పించుకున్నాడు. మొదటి రాత్రే ఫోన్ చేసి, "మీ అక్క పాపకి జడ వేస్తుంటే తీశాను, లైటు కూడా వేయలేదు, చూడు" అని పంపాడు. పాప కళ్లు మూసుకుని ఉంది, జడలో ఒక్కొక్క పాయా విడిగా కనబడుతోంది.