ఫ్రిజ్ లేకుండా రెండేళ్ళు: ఎండాకాలం పాస్, వానాకాలం ఫెయిల్

మాది హనుమకొండ. పర్యావరణం కోసం ఫ్రిజ్ తీసేద్దామన్నది మా ఆయన, వంట చేసేది నేను. ఈ సమీక్ష చదివేటప్పుడు ఆ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి.

ఫ్రిజ్ బదులు మేం వాడుతున్నది కుండలో కుండ. పెద్ద రంజన్‌లో చిన్న కుండ పెట్టి, మధ్య సందులో ఇసుక నింపి, పొద్దున, మధ్యాహ్నం ఆ ఇసుకను తడపాలి. పైన తడి గోనెపట్టా కప్పాలి. నైజీరియాలో మొహమ్మద్ బా అబ్బా అనే టీచరు 1990లలో దీన్ని పల్లెలకు పంచి, 2000లో రోలెక్స్ అవార్డు అందుకున్నాడు. నీరు ఆవిరవుతూ లోపలి వేడిని లాగేస్తుంది, కిటుకంతా అదే. కాబట్టి గాలి ఆడే చోటే పెట్టాలి. పెయింటు వేసిన కుండ కొనకండి, చెమర్చదు.

ఏప్రిల్, మే నెలల్లో దీనికి వంక పెట్టలేను. బయట 42 డిగ్రీలు ఉంటే లోపల 27, 28 చూపించింది. టమాటాలు, క్యారెట్, బీరకాయలు వారం దాకా బాగున్నాయి. తోటకూర రెండో రోజుకి వాడిపోతుంది. గుడ్లు కొద్ది రోజుల్లో వాడేస్తే ఫ్రిజ్ లేకున్నా నడుస్తుంది.

ఎండాకాలం ఎలా గడుస్తుందని అందరూ అడుగుతారు గానీ అసలు తిప్పలు జూలైలో మొదలవుతాయి. గాలిలో తేమ నిండితే నీరు ఆవిరి కాదు. అప్పుడు కుండ లోపలికీ బయటికీ మహా అయితే రెండు మూడు డిగ్రీల తేడా. పచ్చిమిర్చి తొడిమలు తీసి పెట్టినా కుళ్ళుతుంది, ఇసుకలోంచి ముక్కిన వాసన వస్తుంది. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల ఏడాదిలో చాలా నెలలు ఇదే గతి, అక్కడివాళ్ళు దీని మీద ఆశ పెట్టుకోవద్దు.

పాలు పొద్దున, సాయంత్రం కాచాల్సిందే, మిగిలినవి తోడేయాల్సిందే. మేలో ఆ పెరుగు మధ్యాహ్నానికే పులుస్తుంది. దోసెల పిండి మొదటి రోజు దోసె, మర్నాడు ఊతప్పం, ఆ పైన పునుగులు. చికెన్ తెచ్చిన పూటే వండి ఖాళీ చేయాలి. మిగిలిన అన్నం విషయంలో మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. బయట గంటలకొద్దీ ఉన్న అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా వదిలే విషం మళ్ళీ వేడి చేసినా పోదు. అందుకే కొలిచి వండడం అలవాటైంది. నాకు దక్కిన అసలు లాభం ఇదే: వాడిన కొత్తిమీర కట్టలు, మూలన మరిచిపోయిన గిన్నెలు పారబోయడం పోయింది.

ఇక కరెంటు. మాలాంటి ఫ్రిజ్ ఏడాదికి సుమారు 200 యూనిట్లు తాగుతుంది. మన గ్రిడ్‌లో యూనిట్‌కి రమారమి 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ లెక్కన 140 కిలోలు. ఒకటిన్నర టన్నుల త్రీస్టార్ ఏసీ 1,600 గంటలు నడిస్తే దాదాపు 1,000 యూనిట్లు. పర్యావరణం కోసమే అయితే ఏసీ కొనకుండా ఉండటమే ఐదింతల పని. మా ఇంట్లో ఏసీ లేదు, డాబాకు తెల్ల సున్నం వేయించాం, పాత 75 వాట్ల ఫ్యాన్ల బదులు 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెట్టాం. వీటివల్ల నా పని ఇసుమంత కూడా పెరగలేదు. తెలంగాణ ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద నెలకు 200 యూనిట్ల లోపు జీరో బిల్లు వచ్చే ఇళ్ళకైతే ఫ్రిజ్ తీసేసినా డబ్బులో తేడా తెలియదు.

పాత ఫ్రిజ్‌ను తుక్కు వాళ్ళకు ఇవ్వకండి. పైపు కోసేస్తే అందులోని గ్యాసు గాలిలో కలుస్తుంది. పాతవాటిలో ఉండే ఆర్-134ఏ అయితే కార్బన్ డయాక్సైడ్‌కి 1,400 రెట్ల పైన వేడిని పట్టి ఉంచుతుంది, వంద గ్రాములు చాలు ఏడాది ఆదా అంతా పోవడానికి. లైసెన్సున్న ఈ-వేస్ట్ కేంద్రానికి పంపండి. మా ఫ్రిజ్‌ను మాత్రం మా మరిది తన ఇంటికి పట్టుకెళ్ళాడు. అక్కడ శుభ్రంగా నడుస్తోంది, అంటే భూమికి ఒరిగింది సున్నా! ఈ మాటంటే మా ఆయన టాపిక్ మారుస్తారు.

వాషింగ్ మెషీన్ జోలికి రావద్దని ముందే చెప్పేశాను. వచ్చే వానాకాలానికి చిన్న సింగిల్ డోర్ ఫ్రిజ్ కొంటున్నాం. ఎండాకాలం దాన్ని ఆపేసి కుండలే వాడతాం.

ఇద్దరూ వంట పంచుకునే ఇల్లు, దగ్గర్లో కూరగాయల బండి ఉంటే ప్రయత్నించండి. ఇంట్లో ఇన్సులిన్ వాడేవాళ్ళుంటే అస్సలు వద్దు. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, ఆ చల్లదనం ఈ కుండ వల్ల కాదు.