నాలుగేళ్లు కరెంటు కారు నడిపాక

నాలుగేళ్లు, 62 వేల కిలోమీటర్లు. ఇంట్లో ఇప్పుడు పెట్రోలు కారు లేదు. "మేమూ పెట్రోలు మానేసి ఇదే కొనొచ్చా?" అని అడిగేవాళ్లకి నా ఎదురు ప్రశ్న ఒకటే: రాత్రి కారు ఎక్కడ పెడతారు?

నాకు పార్కింగ్‌లో 7.2 కిలోవాట్ల చార్జర్ ఉంది. పడుకోబోయే ముందు చార్జర్ గన్ను (కారుకి గుచ్చే ప్లగ్గు) తగిలిస్తే పొద్దున్నకి బ్యాటరీ 80 శాతం. బంకుకి వెళ్లేది టైర్లలో గాలి కోసమే. ఆ చార్జర్ పెట్టుకునే వీల్లేకపోతే ఈ కారు కొనేవాణ్ణే కాదు.

ఊళ్లో దీన్ని మించింది లేదు. యాక్సిలరేటర్ వదిలితే చాలు, మోటారే జనరేటరై కారుని నెమ్మదింపజేస్తూ బ్యాటరీకి కాస్త కరెంటు తిరిగిస్తుంది. బ్రేక్ ప్యాడ్లు ఇంకా కొన్నప్పటివే. డిస్కులకే వాడకం లేక తుప్పు! అప్పుడప్పుడూ గట్టిగా బ్రేకు తొక్కి వదిలించాల్సి వస్తోంది. టైర్లు మాత్రం తొందరగా అరిగాయి. బండి బరువు, పైగా తొక్కగానే అందే టార్కు, అంటే చక్రాన్ని తిప్పే బలం.

హైవే ఎక్కితే లెక్క తిరగబడుతుంది. ఫుల్ చార్జి మీద ఊళ్లో 360 కిలోమీటర్లు వచ్చేది, 110 స్పీడులో 280 వస్తే గొప్ప. గాలిని చీల్చుకుంటూ పోవడానికే కరెంటంతా అయిపోతుంది. ఫాస్ట్ చార్జర్‌లో 10 నుంచి 80 శాతానికి ముప్పావుగంట, అక్కణ్ణించి నూరుకి మళ్లీ దాదాపు అంతే. అందుకే 80 దగ్గరే గన్ను పీకేస్తాను. ఒక రాత్రి 9 శాతంతో ఒక స్టేషన్‌కి చేరితే చార్జర్ తెర నల్లగా ఉంది. యాప్‌లో మాత్రం 'పనిచేస్తోంది' అనే చూపిస్తోంది. తర్వాతది 22 కిలోమీటర్ల దూరం. ఏసీ ఆపి, 50 దాటకుండా వెళ్లి, 3 శాతంతో చేరాం. మా ఆవిడ మర్నాటి దాకా మాట్లాడలేదు.

ఇంకో పొద్దున కారు తలుపే తెరుచుకోలేదు. కారుని నడిపే పెద్ద బ్యాటరీలో 70 శాతం ఉంది, పోయింది 12 వోల్టుల చిన్న బ్యాటరీ. అది లేనిదే పెద్దదాన్ని కారుకి కలిపే కాంటాక్టర్లు అనే స్విచ్‌లు పడవు. సర్వీసువాళ్లు మూడు రోజులు సాఫ్ట్‌వేర్‌లో వెతికి, చివరికి ఆ చిన్న బ్యాటరీయే మార్చారు.

పెద్ద బ్యాటరీ గురించి భయపడ్డంత లేదు. ఈమధ్య చూపిస్తే ఆరోగ్యం, అంటే కొత్తప్పటితో పోలిస్తే మిగిలిన సామర్థ్యం, 93 శాతం అన్నారు. నా వారంటీ 8 ఏళ్లు లేదా 1.6 లక్షల కిలోమీటర్లు.

మా తమ్ముడు కారు వీధిలోనే పెడతాడు, వారానికి రెండుసార్లు ఐదొందల కిలోమీటర్లు తిరుగుతాడు. పోయిన నెల కొత్త కారు కొంటూ సలహా అడిగితే పెట్రోలుదే తీసుకోమన్నాను.