ప్రాజెక్టు గ్రాంటా, శాశ్వత పరిశోధన విభాగమా: గుంటూరు, విజయవాడలకు ఏది మేలు?

తక్కువ, మధ్యస్థ ఆదాయ దేశాల్లో ఆరోగ్య పరిశోధన బలపడాలంటే నిధులు కావాలన్న విషయంలో భేదాభిప్రాయం లేదు. ఆ నిధులను ఏ రూపంలో ఖర్చు చేయాలన్న దగ్గరే దారులు చీలుతాయి. ఒక ప్రశ్నను ఎంచుకుని, రెండు మూడేళ్ల గడువు పెట్టుకుని, బయటి గ్రాంటుతో అధ్యయనం నడపడం ఒక దారి. వైద్య కళాశాలలోనే గణాంక నిపుణుడు, డేటా మేనేజరు, ప్రయోగశాల, పరిశోధనలో పాల్గొనేవారి హక్కులు, భద్రత చూసే ఎథిక్స్ కమిటీ చురుగ్గా ఉన్న శాశ్వత విభాగాన్ని నెలకొల్పి, ఏ ప్రశ్నను పరిశోధించాలో అక్కడివారినే తేల్చుకోనివ్వడం రెండో దారి. గుంటూరు వైద్య కళాశాల 1946లో మొదలైంది. విజయవాడ సిద్ధార్థ వైద్య కళాశాల 1980లో, అదే నగరంలోని ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం 1986లో వచ్చాయి. మంగళగిరి ఎయిమ్స్‌లో 2018లో తరగతులు ప్రారంభమయ్యాయి. గంట ప్రయాణ దూరంలోనే ఇన్ని సంస్థలున్న ప్రాంతంలో ఈ రెండు దారులను పోల్చి చూడడం అవసరం.

మొదట ప్రాజెక్టు పద్ధతి గొప్పతనాన్ని ఒప్పుకోవాలి. దానికి గుంటూరు జిల్లాయే సాక్ష్యం. 2004-05లో హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే పరిశోధకులు ఈ జిల్లాలో ఇంటింటికీ వెళ్లి, 12 వేలకు పైగా ప్రజల రక్తనమూనాలు సేకరించి హెచ్ఐవీ వ్యాప్తిని లెక్కగట్టారు. ప్రభుత్వ ఆసుపత్రులకు వచ్చే గర్భిణుల, సుఖవ్యాధుల రోగుల నమూనాల ఆధారంగా వేసిన అధికారిక పద్ధతి అంచనా 4 శాతం దాటగా, ఇంటింటి సర్వేలో అది 2 శాతానికి లోపే తేలింది. ప్రైవేటు వైద్యులు హెచ్ఐవీ అనుమానం ఉన్నవారిని ప్రభుత్వ ఆసుపత్రులకు పంపిస్తుండడం, ఆ ఆసుపత్రులను పేదలే ఎక్కువగా వాడుకోవడం ఈ తేడాకు కారణాలని వారు వివరించారు. 2007లో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఫలితాలు చేరాక, దేశంలో 50 లక్షలకు పైగా ఉన్న హెచ్ఐవీ బాధితుల అంచనా దాదాపు 25 లక్షలకు తగ్గింది. ఒక స్పష్టమైన ప్రశ్నకు తక్కువ కాలంలో జవాబు కావలసినప్పుడు, దానికి తగిన మనుషులనూ నిధులనూ ఒక్కచోటికి చేర్చగల శక్తి ప్రాజెక్టుకు ఉన్నంతగా మరొకదానికి లేదు.

అయితే ప్రాజెక్టు ముగిసిన మర్నాడు ఏం మిగులుతుందన్నది వేరే ప్రశ్న. సాధారణంగా ఇంటర్వ్యూలు చేయడం నేర్చుకున్న క్షేత్రస్థాయి సిబ్బంది, నమూనాలు పాడవకుండా భద్రపరచడం నేర్చుకున్న ల్యాబ్ టెక్నీషియన్ కాంట్రాక్టు పూర్తికాగానే మరో ఊరికో, మరో వృత్తిలోకో వెళ్లిపోతారు. డేటా నిధులిచ్చినవారి దగ్గరో ప్రధాన పరిశోధకుడి సంస్థలోనో ఉండిపోతుంది. నిధులు సగంలో ఆగిపోతే నష్టం ఇంకా ఎక్కువ. 2025 జనవరిలో అమెరికా తన విదేశీ సహాయాన్ని ఉన్నపళంగా నిలిపివేసినప్పుడు అనేక దేశాల్లో క్లినికల్ ట్రయల్స్ మధ్యలోనే ఆగాయి. అప్పటికే మందు తీసుకుంటున్న మనుషుల బాధ్యత ఎవరిదో తెలియని స్థితి వచ్చింది. జాతీయ ఆరోగ్య వ్యయంలో కనీసం 2 శాతం, ఆరోగ్య రంగానికి వచ్చే విదేశీ సహాయంలో కనీసం 5 శాతం పరిశోధనకూ, పరిశోధన సామర్థ్యాన్ని పెంచడానికీ కేటాయించాలని ‘అభివృద్ధి కోసం ఆరోగ్య పరిశోధన’ అనే అంతర్జాతీయ కమిషన్ 1990లోనే సిఫారసు చేసింది. సొంత సొమ్ము లేని చోట ప్రశ్న కూడా సొంతం కాదన్న గ్రహింపు ఆ సిఫారసు వెనుక ఉందని నేను అర్థం చేసుకుంటాను.

శాశ్వత విభాగం వైపు నన్ను బలంగా లాగేవి ఈ ప్రాంతపు జబ్బులే. ఎన్టీఆర్ జిల్లా ఎ.కొండూరు మండలంలోని తండాల్లో మూత్రపిండాల వ్యాధి ఏళ్ల తరబడి మనుషులను తీసుకుపోతోంది. అది దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి అని నిర్ధారించడానికే మూడు నెలల వ్యవధితో రెండుసార్లు పరీక్ష చేయాలి. అది ఎందువల్ల, ఎంత వేగంగా ముదురుతోందో తెలియాలంటే అవే కుటుంబాలకు ఏటా మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చేస్తూ, వారు తాగే నీటినీ, చేసే పనినీ, వాడే నొప్పి మాత్రలనూ నమోదు చేస్తూ పదేళ్లయినా వెంట నడవాలి. మూడేళ్ల గ్రాంటుకు ఆ ఓపిక ఉండదు. 2025లో గుంటూరు పక్కనే ఉన్న తురకపాలెంలో వరుస మరణాలు సంభవించి, మట్టి, నీటిలోని బ్యాక్టీరియా వల్ల వచ్చే మెలియాయిడోసిస్ అనే జబ్బు అనుమానం బయటికి వచ్చినప్పుడు కావలసింది మరో రకమైన సంసిద్ధత. అలాంటి దానికి ముందుగా ప్రాజెక్టు ప్రతిపాదన రాసిపెట్టుకోవడం ఎవరికీ సాధ్యం కాదు. బ్యాక్టీరియాను కల్చర్‌లో, అంటే ప్రయోగశాలలో పెంచి గుర్తించగల చేయి, పాత మరణాల రికార్డులను వెలికితీసి పోల్చగల మనిషి ఆ రోజుకే కొలువులో ఉండాలి. బంగ్లాదేశ్‌లోని మత్లబ్‌లో 1966 నుంచి జననాలు, మరణాలు, వలసలు ఆపకుండా నమోదు చేస్తున్నారు. అక్కడ ఏ కొత్త టీకాను పరీక్షించాలన్నా ఆ రికార్డే పునాది అవుతుంది. దాన్ని ఏ ఒక్క ప్రాజెక్టూ ఇవ్వలేదు.

శాశ్వత విభాగాల లోపాలు చిన్నవి కావు. కేంద్ర ఆరోగ్య పరిశోధన శాఖ 2007లో ఏర్పడి, 2013 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాలల్లో బహుళ విభాగ పరిశోధన యూనిట్ల పథకాన్ని అమలు చేస్తోంది. ఆలోచన సరైనదే. కానీ ప్రభుత్వ సంస్థల్లో యంత్రం కొనడానికి డబ్బు తేలికగా మంజూరవుతుంది, దానికి ఏటా కావలసిన రీఏజెంట్లకు (పరీక్షల్లో వాడే రసాయనాలకు) మంజూరు కాదు. శాస్త్రవేత్త పోస్టు ఖాళీగా ఉంటుంది, లేదా శిక్షణ పొందిన అధ్యాపకుడికి బదిలీ అవుతుంది. ఉదయమంతా ఓపీలో వందల మందిని చూసిన వైద్యుడికి సాయంత్రం పరిశోధనకు గంట సమయం కేటాయించే ఏర్పాటు ఉండదు. ఇవి సరిచేయకుండా విభాగం పేరుతో బోర్డు పెడితే, కనీసం గడువులోగా నివేదిక ఇచ్చే ప్రాజెక్టే నయం.

ఇక్కడ వాడుకోకుండా వదిలేస్తున్న సంపద ఒకటుంది. పీజీ వైద్య విద్యార్థి ప్రతి ఒక్కరూ థీసిస్ రాయాలి. ఒకరు వంద మంది మధుమేహ రోగులను, మరొకరు ఎనభై మంది పురుగుమందు విషప్రభావ బాధితులను ఎంచుకుని, ఎవరి ప్రశ్నావళి వారు తయారుచేసుకుని, పరీక్ష అయ్యాక గ్రంథాలయానికి అప్పగించి వెళ్లిపోతారు. మిర్చి, పత్తి పండించే పల్లెల నుంచి పురుగుమందు విషప్రభావంతో వచ్చే రోగులందరికీ ఒకే నమూనాలో రిజిస్టరు ఉండి, ఏటా కొత్త విద్యార్థి దానిలోంచి ఒక ప్రశ్నను తీసుకుంటే, పదేళ్లకు అది దేశం చూడవలసిన డేటా అవుతుంది. దానికి కోట్ల విలువైన యంత్రం అక్కర్లేదు. ఆ రిజిస్టరును కాపాడే డేటా మేనేజరు, అధ్యయనానికి ఎంతమంది రోగులు కావాలో లెక్కించే దశ నుంచే విద్యార్థి పక్కన కూర్చునే గణాంక నిపుణుడు చాలు.

ఎయిమ్స్ ఉండగా కళాశాలలకు విడిగా విభాగాలెందుకని కొందరంటారు. రోగుల ప్రవాహం, జిల్లా ఆసుపత్రులతో సంబంధం పాత కళాశాలలకే ఎక్కువ గనుక, ఎయిమ్స్ ఉన్నత పరీక్షలకు తోడు నిలవాలి తప్ప వాటి స్థానాన్ని తీసుకోకూడదు.

రెండు దారులు కలిసిన ఉదాహరణ మన పొరుగునే ఉంది. 1956లో భారత వైద్య పరిశోధన మండలి, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటన్ వైద్య పరిశోధన మండలి, మద్రాసు రాష్ట్ర ప్రభుత్వం కలిసి మద్రాసులో క్షయ చికిత్సా కేంద్రాన్ని ప్రారంభించాయి. ఇంటి దగ్గర మందులు వాడినవారూ శానటోరియంలో (క్షయ రోగులను చేర్చుకునే ఆసుపత్రిలో) ఉన్నవారూ దాదాపు సమానంగా కోలుకుంటారని 1959లో ఆ కేంద్రం చూపింది. అక్కడి విదేశీ సహకారం క్రమంగా తగ్గినా కేంద్రం మూతపడలేదు. అదే నేటి జాతీయ క్షయ పరిశోధన సంస్థ. మంగళగిరి ఎయిమ్స్ నిలిచిన స్థలం కూడా ఒకప్పటి క్షయ శానటోరియానిదే.

కాబట్టి నా మొగ్గు శాశ్వత విభాగం వైపే, కానీ షరతులతో. బయటి ప్రాజెక్టులు రావాలి; అయితే గ్రాంటులో నిర్ణీత వాటా విభాగం ఖాతాకు చేరాలి, వ్యక్తుల వివరాలు తొలగించిన డేటా ప్రతి ఒకటి ఇక్కడే ఉండాలి, స్థానిక పరిశోధకులకు ప్రశ్నను రూపొందించే దశలోనే చోటుండాలి. రాష్ట్ర బడ్జెట్‌లో మొదటి కేటాయింపు మాత్రం గుంటూరులో ఒకటి, విజయవాడలో ఒకటి చొప్పున గణాంక నిపుణుడి పోస్టుకూ, దానితో పాటు డేటా మేనేజరు పోస్టుకూ, కనీసం పదేళ్ల వరకు బదిలీ లేని షరతుతో వెళ్లాలి. యంత్రాల కొనుగోలు ఆ తర్వాతి సంవత్సరం చూసుకోవచ్చు.