మల్లేశ్వరంలోని చిరుధాన్యాల దుకాణం: గింజ కొనవచ్చు, పిండి వద్దు

మా అమ్మాయికి సీలియాక్ వ్యాధి (గోధుమ వంటి ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ తింటే పేగులు దెబ్బతినే జబ్బు) ఉందని తేలినప్పటి నుంచి కేకులు, బిస్కెట్లు గోధుమ, మైదా తగలకుండా ఇంట్లోనే చేసుకుంటున్నాము. అందుకోసం బెంగళూరు మల్లేశ్వరంలో చిరుధాన్యాలు అమ్మే ఒక దుకాణం నుంచి మూడు నెలల పాటు రాగిపిండి, జొన్నపిండి తెచ్చుకున్నాను.

సరుకుకు వంక పెట్టలేను. రాగుల్లో మట్టిబెడ్డ కనిపించలేదు, జొన్నపిండి ఎప్పుడూ ముక్కిన వాసన వేయలేదు, యజమాని తెలుగులోనే ఓపికగా మాట్లాడతారు. "మేము గోధుమ ముట్టుకోమండీ" అని ఆయన అన్న మాటను నమ్మాను. అయితే రెండోసారి తెచ్చిన జొన్నపిండితో చేసిన బిస్కెట్లు తిన్న రాత్రి అమ్మాయికి కడుపునొప్పి వచ్చింది. పిండే కారణమని చెప్పలేను గాని, అది ఎక్కడ ఆడుతున్నారో చూడాలనిపించింది.

దుకాణం వెనక వీధిలోని పిండిమరలోనే అంతా ఆడిస్తారట. నేను వెళ్లేసరికి ఒకావిడ గోధుమపిండి డబ్బా ఎత్తుకుని వెళ్తున్నారు. ఆ వెంటనే అదే మరలో దుకాణం వారి జొన్నలు పోశారు. పిండి జారే మూతికి కట్టిన గుడ్డగొట్టం లోపల తెల్లగా పేరుకుని ఉంది. మర ఆడించే అతను దానిని రెండుసార్లు తట్టి, "ముందు పడే పిడికెడు తీసేస్తాం కదమ్మా" అన్నాడు. గ్లూటెన్ లేనిదని చెప్పే ఆహారంలో కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదన్నది మన దేశంలో నియమం; కిలో జొన్నపిండిలో పావు గ్రాము గోధుమపిండి కలిస్తే చాలు, దాదాపుగా ఆ హద్దుకు చేరినట్లే. జల్లెడ పట్టినా, ఓవెన్‌లో కాల్చినా అది పోయేది కాదు.

కాబట్టి ఇప్పుడు అక్కడ గింజలే కొంటున్నాను. రాగులను సన్న జల్లెడలో పోస్తే అవి కిందికి దిగి, పొరపాటున కలిసిన గోధుమ గింజలు పైన మిగులుతాయి. జొన్నలను మాత్రం చేటలో పోసి చేత్తో ఏరక తప్పదు. కడిగి, ఆరబెట్టి, వీటికోసమే ఉంచిన మిక్సీ జార్‌లో ఆడిస్తే పిండి కాస్త బరకగా వస్తుంది. రెండు వంతుల రాగిపిండికి ఒక వంతు బియ్యప్పిండి, ఒక చెంచా ఇసబ్గోల్ కలిపి పావుగంట నాననిస్తే కేకు పొడిపొడిగా రాలదు. బియ్యప్పిండి మాత్రం గ్లూటెన్ రహితమని ముద్రించిన సీలు పొట్లమే కొంటాను.

ఖారా బిస్కెట్లలో వేయడానికి అదే దుకాణంలో ఇంగువ పొడి తీసుకోబోతే, డబ్బా మీది పదార్థాల జాబితాలో గోధుమపిండి ఉంది. చూపించగానే యజమాని కళ్లజోడు సవరించుకుని చదివి, ఆ డబ్బాలను అక్కడి నుంచి తీసేశారు. పిండి పొట్లాలపై "గోధుమలు ఆడే మరలో ఆడించినది" అని రాయమన్న మాటకు మాత్రం ఇంతవరకు బదులు లేదు.